మీసం తీసిన మంగళవారం

ఆ మంగళవారం పొద్దున్నే కొండగట్టుకు బయలుదేరి, దర్శనం చేసుకుని, భోజనాల వేళకు కోరుట్లకు తిరిగి వచ్చెయ్యాలని పురుషోత్తం రావు ఇంట్లో అనుకున్నారు. మామూలు కుటుంబమైతే పులిహోర కట్టుకుని కారెక్కి పోయి వచ్చేది. కానీ పురుషోత్తం రావు బుగ్గారం అవతలి ఒక ఊరికి దొర. ఊళ్ళో ఎర్రజెండాలు లేచిన ఏడాది కోటలాంటి తన గడి వదిలేసి కోరుట్లలో అద్దె ఇంటికి చేరిన దొర. అప్పటినుంచీ ఆయన గుమ్మం దాటింది లేదు. కుక్క మొరిగితే అడవిలోంచి నక్సలైట్ అన్నలు వచ్చారనుకునేవాడు. మొరగకపోతే, కుక్కను కూడా వాళ్ళలో కలుపుకున్నారనుకునేవాడు.

ఈ భయం పోతే ఆయన్ని కొండకు తీసుకొస్తానని భార్య సత్యవతి కొండమీది ఆంజనేయుడు అంజన్నకు మొక్కుకుంది. భయం పోలేదు.

"మొక్కు తీర్వకనే పోతలేదు" అని ఆవిడ.

"భయం పోయినంకనే గదా మొక్కు తీర్చుడు" అని ఆయన.

ఈ పేచీ రెండేళ్ళు నడిచాక ఆవిడ తమ్ముడు సుధాకర్ రావు సిరిసిల్ల నుంచి తన అంబాసిడర్ కారేసుకుని వచ్చి ఉపాయం చెప్పాడు.

"బావా, నిన్ను గుర్తువట్టేది దేంతోని? తెల్లబట్టలు, మీసం. గా రెండు తీసేస్తే నువ్వెవలివో దేవునికి గూడ ఎర్కుండదు."

"దేవునికే ఎర్కలేకుంటే మొక్కు ఎవలిదనుకుంటడురా?"

"నేను చెప్త తియ్."

అది మామూలు మీసం కాదు. ఊళ్ళో పంచాయతీ చెప్పేటప్పుడు సగం తీర్పు దానితోనే చెప్పేవాడు. దాన్ని గొరిగేసి, గడ్డం మాత్రం ఉంచుకుని, చినిగిన ధోవతి మీద పాత గొంగడి కప్పుకుని ఆయన వంటింట్లోకి వచ్చేసరికి సత్యవతి "ఎవడ్రా నువ్వు!" అని అట్లకాడ ఎత్తింది. చాలా రోజుల తర్వాత ఆయనకు ఆ క్షణంలో ధైర్యం వచ్చింది.

ధైర్యం కారెక్కేదాకానే. సీటు మీద కూర్చుంటే కనిపిస్తానని వెనకవైపు భార్య కాళ్ళ దగ్గర ముడుచుకుని, గొంగడి తలమీదికి లాక్కున్నాడు.

"సుధాకర్, ఎదురుంగ ఏందో అస్తున్నది."

"చెరుకు లారీ బావా. ముత్యంపేట ఫ్యాక్టరీకి పోతున్నది."

"లోపటెవలున్నరో సూడు."

"చెరుకున్నది."

జగిత్యాల పొలిమేరలో పోలీసులు కారు ఆపారు. సుధాకర్ రావు కాగితాలు చూపించాడు. హవల్దారు వాటిని చూసి తిరిగి ఇవ్వబోతుండగా గొంగడి తుమ్మింది.

"కిందెవడు?" అంటూ హవల్దారు తుపాకి ఎత్తాడు. ఆ రోజుల్లో కారులో దాక్కున్న మనిషంటే వాళ్ళకు తట్టేది ఒక్కటే.

గొంగడి అంచు కిందనుంచి పురుషోత్తం రావుకు బూట్లు కనిపించాయి. అన్నలు పోలీసు బట్టల్లో వస్తారని ఆయన ఎక్కడో విన్నాడు.

"నేను దొరను గాదన్నా! నాకు గుంటెడు భూమి లేదు! పాలేరుగ జీతమున్న మనిషిని!" అని లోపలినుంచే అరిచాడు.

హవల్దారు గొంగడి లాగేశాడు. ఎదురుగా నిజమైన పోలీసులు, పక్కన పోలీసు జీపు. పురుషోత్తం రావు ముఖం వెలిగిపోయింది.

"పోలీసులేనా! బతికిచ్చిండ్రు! నేను దొరను! మూడు వందల ఎకరాల దొరను!"

హవల్దారు ఆ గడ్డాన్ని, లేని మీసాన్ని, చినిగిన ధోవతిని చూశాడు. తుపాకి ఇంకా దిగలేదు. సత్యవతికి ఏడుపు వచ్చింది.

"కొండగట్టుకు తీస్కపోతున్నం సారూ" అంది.

ఆ ఒక్క మాటతో తుపాకి దిగిపోయింది. మనసు చెదిరినవాళ్ళను కొండగట్టుకు తీసుకెళ్ళి అంజన్న సన్నిధిలో కొన్నాళ్ళు ఉంచడం ఆ ప్రాంతంలో తరతరాల ఆనవాయితీ.

"ఎప్పటి సందమ్మా?" హవల్దారు గొంతు మెత్తబడింది.

"రెండేండ్లాయె సారూ. నిద్రవోడు. కుక్క మొరిగితె మంచం కింద జొర్తడు. బువ్వ తినుకుంట గూడ తలుపు దిక్కే సూస్తడు."

అందులో ఒక్క అబద్ధం లేదు. ఒకటైనా ఉంటే ఆయన బతికిపోయేవాడు.

"మా అక్కకు గూడ గిట్లనే ఉండె. అంజన్న దయతోని నయమైంది. గని ఘాటు మీద పైలం, దుంకుతరు." హవల్దారు తన తువ్వాలతో పురుషోత్తం రావు చేతులు కట్టి, రెండో కొసను సత్యవతి ముంజేతికి ముడివేశాడు.

"నేను దొరనయ్యా!"

"అవ్, దొరవే. మంచిగ కూసో దొరా" అని హవల్దారు ఆయన తల నిమిరాడు. జన్మలో ఆయన తల నిమిరిన మొదటి పోలీసు అతను. ముడి మాత్రం పోలీసు ముడి. సుధాకర్ రావు పళ్ళతో లాగినా రాలేదు.

కొండమీద జనం కిక్కిరిసి ఉన్నారు. చేతులు కట్టిన మనిషి కారు దిగడం అక్కడ వింతేమీ కాదు. కోడలికి నయం కావాలని అక్కడే ఉంటున్న దుర్గవ్వ అనే ముసలమ్మ వీళ్ళను చూడగానే పనిలోకి దిగింది.

"కొత్తగ అచ్చిండ్రా బిడ్డా? ముందుగాల తలమీంచి నీళ్ళు వొయ్యాలె. ఎవలన్న బిందె తేండ్రి!"

ఎవరో బిందె తెచ్చారు. చన్నీళ్ళు తలమీద పడగానే పురుషోత్తం రావు ప్రాణం విలవిలలాడింది.

"ఆగుండ్రి! నాకేం కాలే! నేను దొరను!"

"మొన్న అచ్చినాయన కలెక్టరునన్నడు" అంది దుర్గవ్వ. "నీది నయం. ఇంకో బిందె తేండ్రి!"

"సుధాకర్, చెప్పురా వీళ్ళకు!"

సుధాకర్ రావు నోరు తెరవబోయి చుట్టూ చూశాడు. మంగళవారం నాడు, ఇంతమందిలో, ఈయన ఫలానా ఊరి దొర అని గట్టిగా చెప్పడమా? నోరు మూసుకుని కొబ్బరికాయల దుకాణం వైపు చూస్తూ నిలబడ్డాడు. మూడో బిందె కూడా పడింది.

అప్పుడు జనంలోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. పురుషోత్తం రావు ఆయన్ని చూసి కొయ్యబారిపోయాడు. ఆగయ్య! గడిలో ముప్పై ఏళ్ళు పాలేరుగా జీతమున్న ఆగయ్య. ఎద్దు తప్పిపోయిందని తను గడి ముందు ఎండలో పొద్దంతా నిలబెట్టిన ఆగయ్య. అన్నిటికంటే ముఖ్యం, పెద్దకొడుకు అన్నల్లో కలిసిన ఆగయ్య.

"ఓ తాతా, గీయన దొరనంటుండు. నీకెర్కేనా?" అని దుర్గవ్వ అడిగింది.

ఎరుకే అన్నాడో, కట్లు విప్పుతారు. రేపటికి కబురు అడవికి చేరుతుంది. ఎరుక లేదన్నాడో, ఇంకో బిందె. పురుషోత్తం రావు క్షణం కూడా ఆలోచించలేదు.

"నేను దొరను గాను!" అని అరిచాడు. "నేను... నేను అంజన్నను!"

అని పక్కనున్న పిట్టగోడ మీదికి ఒక్క గెంతు గెంతాడు. తడిసిన గొంగడి వెనక వేలాడింది. తువ్వాలకు కట్టి ఉన్న సత్యవతి సగం గోడదాకా ఈడ్చుకుపోయింది.

"మెల్లగ! నా చెయ్యి ఊడ్తది!"

ఆగయ్య చాలాసేపు ఆ ముఖంలోకి చూశాడు.

"దొరనే" అన్నాడు చివరికి. "మా పురుషోత్తం రావు దొరనే. మీసం పోతే గుర్తువట్టనా? ఎప్పుడు కోపమస్తదోనని ముప్పై ఏండ్లు గీ మొకాన్నే సూస్కుంట బతికిన."

ఇక అయిపోయింది అనుకున్నాడు గోడమీది పురుషోత్తం రావు.

"గని గీ బెదురు కండ్లు ఆయనయి గావు" అన్నాడు ఆగయ్య. "గీ కండ్లు మాయి. గడి ముంగట నిలవడ్డనాడు నాకుండె గీ కండ్లు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చేతిలోని కొబ్బరిముక్క తుంచి, కాలి మునివేళ్ళ మీద లేచి, దొర నోట్లో పెట్టాడు. తర్వాత సత్యవతి వైపు తిరిగాడు.

"రంది వెట్టుకోకు దొరసాని. మతి దప్పినోని జోలికి ఎవ్వలు రారు. మా పెద్దోనికి నేను కబురు జేస్త. ఊరికి తోల్కరా, నాలుగు దినాలు పొలాలు సూస్తె మనసు కుదుటవడ్తది."

పురుషోత్తం రావుకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే సిగ్గు కూడా వేసింది. సిగ్గు కొబ్బరిముక్క నమిలినంతసేపు ఉంది.

ఆగయ్య నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"దొరసాని, నయమైనంక గూడ ఒక్క కబురు వంపు. మా పోరగాండ్లు ఎదురుసూస్తుంటరు."

కొబ్బరికాయల దుకాణం కత్తితో తువ్వాల కోయించుకుని, తిరుగు ప్రయాణంలో పురుషోత్తం రావు ముందు సీట్లో కూర్చుని అద్దం పూర్తిగా దించాడు. ఎదురొచ్చిన లారీలన్నిటికీ చెయ్యి ఊపాడు. మరుసటి వారం గొంగడి కప్పుకుని, రెండేళ్ళ తర్వాత పట్టపగలు సొంత ఊళ్ళో అడుగుపెట్టి గట్లన్నీ తిరిగాడు. ఎవరూ ఏమీ అనలేదు. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు అయ్యో పాపమని అంబలి కూడా పోశారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మీసం మళ్ళీ మొలుస్తోంది. వెంటనే గొరిగేశాడు.

ఆ తర్వాత కాలం మారింది. అన్నలు పలచబడ్డారు. ఇంట్లో మనవలు పుట్టారు. పురుషోత్తం రావుకు మాత్రం ఇప్పటికీ నయం కాలేదు.