రుచికి మార్కులు లేవు

రుచి అనేది వ్యక్తిగత వ్యవహారమని, దానికి మార్కులు వేయడం వల్ల పట్టణంలో శాంతిభద్రతలు దెబ్బతింటున్నాయని గుర్తించి, శరత్కాల ఆహారోత్సవ కమిటీ ఈ ఏడాది వంటల పోటీ నుంచి రుచిని ఏకగ్రీవంగా తొలగించింది. నిరుడు ఉప్పు చాలిందా లేదా అన్న విషయమై ఇద్దరు న్యాయనిర్ణేతలు గరిటెలతో చర్చించుకున్న సంగతి తెలిసిందే. ఆ చర్చలో ఒకాయన పోగొట్టుకున్న రెండు పళ్లు నేటికీ దొరకలేదు. అందుకని ఈసారి నలభై మార్కులు పరిశుభ్రతకు, ముప్పై అలంకరణకు, ముప్పై క్రమశిక్షణకు కేటాయించారు.

వంటావిడకు ఈ సంగతి తెలియదు. నిబంధనలు కరపత్రం వెనకవైపు వేశారు, ఆవిడ ముందువైపే చదివింది. మొదటి బహుమతి వచ్చినవారికి ఏడాదిపాటు ఆస్పత్రి క్యాంటీన్ అప్పగిస్తామని అక్కడ ఉంది. ఆవిడ పనిచేసే మిల్లు క్యాంటీన్ నెలాఖరుకు మూతపడుతోంది. ఇంట్లో తనకూ, ఆడపడుచుకూ, ఆడపడుచు పిల్లలిద్దరికీ ఆవిడ గరిటే ఆధారం. గెలవకపోతే ఏం చేయాలో తోచక, ఊరందరికీ వండే ఆ మనిషికి వారం రోజులుగా తిండి సయించడం లేదు.

పొద్దున్నే మైదానంలో పొయ్యి వెలిగించి గుమ్మడికాయ సూప్ కాచింది. వెన్నలో ఎర్రబడుతున్న ఉల్లిపాయల వాసన బస్టాండు దాకా వెళ్లి, ఊరెళ్లాల్సిన వాళ్లను కూడా చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. పదకొండయ్యేసరికి ఆవిడ బల్ల ముందు ఇసక వేస్తే రాలనంత జనం.

పక్క బల్ల రంగుల దుకాణం యజమానిది. ఆయన పొయ్యి తేలేదు. ప్లాస్టర్‌తో రొట్టెలు పోతపోసి, రెండు పూతలు గోధుమరంగు, ఒక పూత వార్నిష్ వేసి, వరసగా అమర్చాడు. ఎవరికీ ఏమీ పెట్టలేదు కాబట్టి ఆయన దగ్గర ఒక్క పళ్లెమూ ఎంగిలి కాలేదు.

"వదినా, ఆయన తినేవేమీ తేలేదే!" అంది ఆడపడుచు గిన్నెలు కడుగుతూ.

"పాపం, ఏం ఇబ్బందొచ్చిందో. ఆయనక్కూడా ఓ గిన్నెడు ఇచ్చిరా" అంది వంటావిడ.

మధ్యాహ్నం న్యాయనిర్ణేతలు వచ్చారు. వారికి పెద్ద, రిటైరైన డ్రాయింగు మాస్టారు, వంటావిడ బల్ల చూసి బాధతో రాసుకున్నారు: 'జనం గుమికూడుటచే క్రమశిక్షణ లోపించినది. గిన్నెలు వాడబడినవి. ఒక ఈగ ఆసక్తి కనబరచినది.' అదే ఈగ పక్క బల్లకు వెళ్లి, రొట్టె మీద వాలి, నిరాశపడి ఎగిరిపోయింది. అక్కడ నలభైకి నలభై పడ్డాయి.

"ఒక్క చెంచా రుచి చూడండయ్యా" అని వంటావిడ గిన్నె అందించబోయింది.

"ఏంటమ్మా, లంచమా?" అంటూ మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

సాయంత్రం కమిటీ అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "ఇన్నేళ్లూ మన ఆహారోత్సవం ప్రతిష్ఠను దెబ్బతీసింది ఒక్కటే, తిండి! ఇవాళ దాన్ని జయించాం!" అని ప్రకటించి, మొదటి బహుమతి రంగుల దుకాణం యజమానికి అందజేశాడు. ఇక మీదట రోగులకు అజీర్తి చేసే ప్రసక్తే ఉండదని ఆస్పత్రి పెద్ద డాక్టరు హర్షం వ్యక్తం చేశారు. చప్పట్లకు చేతుల్లోని సూప్ గిన్నెలు అడ్డం రావడంతో, జనం వాటిని వంటావిడ బల్ల మీదే పెట్టి మరీ కొట్టారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయలు తరగడం అయిపోయి అప్పటికి చాలాసేపైంది.

బల్లలు సర్దేస్తుండగా డ్రాయింగు మాస్టారు గుడారం వెనకనుంచి వచ్చారు. పొద్దుటినుంచి ఏమీ తినలేదన్నారు. ఆవిడ గిన్నె నింపి ఇచ్చింది. ఆయన మూడు గిన్నెలు తాగి, మీసాలు తుడుచుకుని, నిజంగా నొచ్చుకున్నారు.

"ఇంత బాగా వండుతావు కదమ్మా, ఇలాంటి చోటికి ఎందుకొచ్చావు?"

"మరెక్కడికి వెళ్లమంటారయ్యా?"

"బాగా వండేవాళ్లు కావలసిన చోటికి వెళ్లాలమ్మా" అని ఆయన ఆలోచనలో పడ్డారు. ఊళ్లో అలాంటి చోటు ఒక్కటీ గుర్తుకు రాలేదు. గిన్నె ముందుకు పట్టి, ఇంకాస్త పొయ్యమన్నారు.