అరవై నాలుగు ఇళ్ల పాలు బంద్

ఆ ఉదయం స్రవంతి వేసుకున్న ప్లాను చిన్నదే. తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుని అంతా సవ్యంగా ఉందని చూసుకోవాలి. గడ్డి కోసం పురానాపూల్ వైపు వెళ్లిన నాన్న పెంటయ్య పదకొండింటికి రాగానే డెయిరీ తాళాలు అందుకోవాలి. ఐటీ ఉద్యోగం మానేసి మొఘల్‌పురాలో తమ డెయిరీని తానే నడుపుతానని ఆమె అన్నప్పుడు ఆయన ఒక షరతు పెట్టాడు. "నెల దినాలు నీ కంప్యూటర్‌తోని నడిపి సూపియ్యి. లొల్లి లేకుండ నడిస్తే తాళాలు నీయి. లేకుంటే మా తమ్ముని కొడుకు ఎల్లేష్‌కిస్త." ఆ నెల ఇవాళ్టితో పూర్తవుతుంది.

ఆమె అప్లికేషన్ మూడు కంటైనర్లలో, అంటే కంప్యూటర్ లోపలి మూడు విడి గదుల్లాంటి వాటిలో నడిచేది. ఒకదాంట్లో ఆర్డర్ల పేజీ, ఒకదాంట్లో అరవై నాలుగు ఇళ్ల వివరాలున్న డేటాబేస్, మూడోదాంట్లో అందరికీ మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం. నల్ల తెరమీద ఒక్క కమాండ్ కొడితే మూడూ లేస్తాయి, ఇంకోటి కొడితే మూడూ ఆగుతాయి. మొదట్లో పరీక్షించడానికి తల్లి ఆండాలు నంబరే ఎక్కించింది కాబట్టి ఒకటో నంబరు గిరాకీ సొంత ఇల్లే.

తీరా చూస్తే మెసేజ్‌ల కంటైనర్ లేచినట్టే లేచి పడిపోతోంది. స్రవంతి నాలుగుసార్లు లేపింది, నాలుగుసార్లూ పడింది. గడియారం తొమ్మిదిన్నర దాటింది.

పెరట్లో ఆండాలు పాల డబ్బాలు తోముతూ పనిమనిషి మీద కేకలేస్తోంది. "ఒక్క డబ్బా వాసనొస్తే అన్నీ వంపి కడగాలని ఎన్నిసార్లు చెప్పాలె? జర గూడ మిగలొద్దు!"

పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటూ పెరిగిన పిల్ల మరి. స్రవంతి మూడు కంటైనర్లనూ దించే కమాండ్ కొట్టి, అలవాటైన చేత్తో దాని చివర వాటి సమాచారం దాచే వాల్యూమ్‌లను కూడా తుడిచేసే చిన్న గుర్తు తగిలించింది. మళ్లీ లేపితే మూడూ బుద్ధిగా లేచాయి. హమ్మయ్య అనుకుని పేజీ తెరిచింది. గిరాకీలు: సున్నా.

డేటాబేస్ ఉన్నదే ఆ వాల్యూమ్‌లో. రోజూ తీసిన బ్యాకప్‌నూ అందులోనే దాచింది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినంత తెలివన్నమాట. సర్వర్లను కాపలా కాసి జీతం తీసుకున్న మనిషి తనేనా అని ఆమెకు ఏడుపొచ్చింది.

ఈలోగా కోలుకున్న మెసేజ్‌ల కంటైనర్ ఊరుకోలేదు. ఫోన్ నంబర్లు మాత్రం వేరే ఫైల్లో భద్రంగా ఉన్నాయి. డేటాబేస్‌లో ఎవరికీ ఆర్డర్ లేదు కాబట్టి ఆ ప్రోగ్రాం, అందరూ పాలు మానుకున్నారని తేల్చుకుని, అరవై నాలుగు ఇళ్లకూ కబురు పంపింది: "మీరు కోరినట్టు ఇవాళ్టి నుంచి మీ ఇంటికి పాలు ఆపేస్తున్నాం. ధన్యవాదాలు."

మొదట పక్క గల్లీ నాగమణమ్మ ఊడిపడింది. "ఏందే స్రవంతి! నేనెప్పుడు బంద్ జెయ్యమన్న? పాలు లేకుంటే నా మనుమడు ఇల్లు పీకి పందిరేస్తడు!"

"బంద్ గాలే అత్తా. నీకెన్ని పాలో జర ఒక్కసారి చెప్పు."

"గది గూడ తెల్వదా? లీటరున్నర, సాయంత్రం ఆరింటికి. మంగళారం అర్ధ లీటరే!"

స్రవంతి వేళ్లు వాటంతటవే టైపు చేశాయి. అప్పుడే ఫోన్ మోగింది. పాలెందుకు ఆపావంటూ దర్జీ చాచా. "క్యా బేటా, దూద్ కాయ్కు బంద్ కరే?"

"బంద్ నై చాచా. కిత్నా లీటర్, బోలో!"

పదిన్నరకల్లా గల్లీ నిండిపోయింది. స్రవంతి గడపలోనే బల్ల వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కరు తిడుతున్నారు, ఆమె ఎక్కిస్తోంది. కోపంలో ఉన్న మనిషి ఒక్క వివరం కూడా మరిచిపోడని ఆమెకు ఆ రోజే తెలిసింది. అరవై... అరవై ఒకటి... అరవై మూడు ఇళ్లు ఎక్కేసరికి పెంటయ్య ట్రాలీ ఆటో మలుపు తిరిగి, జనంలో ఇరుక్కుని ఆగిపోయింది.

ఆయన దిగాడు. "ఏం లొల్లి గిది?"

తాళాలు పోయినట్టే అనుకుంది స్రవంతి. "బాపూ, తప్పు నాదే..."

నాగమణమ్మ అడ్డుపడింది. "ఏమయ్య పెంటయ్యా! పాలు బంద్ జేస్తే ఊకుంటమా? మీ పాలు తప్ప మా ఇంట్ల ఎవ్వరు ముట్టరు!" వెనకాల గల్లీ అంతా అవునవునంది.

పెంటయ్య ఆ చివర నుంచి ఈ చివర దాకా జనాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ముప్పై ఏండ్లల మన పాలకు గింతమంది ఎన్నడు కొట్లాడలే, బిడ్డా." మొలలోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"అది గాదు బాపూ, అసలేమైందంటే..."

"నాకేం చెప్పకు. గా కిటుకేందో గని నెలకోసారి చెయ్యి."

ఆండాలు చాయ్ తెచ్చింది. పెంటయ్య ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "గిదీ మన బర్రె పాలంటే! ప్యాకెట్ల వస్తదా గీ రుచి?"

స్రవంతి తెరవైపు చూసింది. అరవై నాలుగింట్లో ఇంకా నిండనిది ఒకటో నంబరు ఒక్కటే. ఆమె తల ఎత్తి తల్లిని చూసింది.

ఆ మెసేజ్‌ను అక్షరాలా పాటించిన ఏకైక గిరాకీ ఆండాలు, కిరాణా కొట్టు ప్యాకెట్‌ను మెల్లగా కొంగు చాటుకు లాక్కుంది.