పురుగు లేని అడవి

"కొండమీది అడవిలో ఇక పురుగన్నది ఉండదు" అని మంత్రిగారు మైకు పగిలేలా ప్రకటించారు. అంతకుముందే ఒక గొంగళిపురుగు, ఎదుటివారి హోదా అయినా చూసుకోకుండా, ఆయన చొక్కాలో దూరింది మరి. ప్రమోషన్ కోసం కళ్లు కాయలు కాచిపోయిన అటవీ ఆఫీసరు అందరూ మానేశాక కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

మంత్రిగారు అన్నంత పనీ చేసిపెట్టాడు ఆ ఆఫీసరు మహానుభావుడు. మందు కొట్టించి అడవిని అద్దంలా పెట్టాడు. వారం తిరక్కుండా పిట్టలు మాయం.

"పిట్టలేవయ్యా?" అన్నారు మంత్రిగారు.

"తిండి లేక వెళ్లిపోయాయండీ. పురుగులే వాటి తిండి."

"ఆ మాట ముందే చెప్పొద్దూ?"

"తమరు మాట్లాడుతుంటే అడ్డం రావడం మర్యాద కాదని ఊరుకున్నానండి."

ఆ సంస్కారానికి మంత్రిగారు పొంగిపోయారు.

పిట్టలు పోతే పోయాయి, పువ్వు మీద వాలే ఈగ కూడా లేక చెట్లకు కాయ నిలవలేదు. రాలిన ఆకు కుళ్లక మోకాలి లోతు పేరుకుంది. పళ్లు దొరక్క ఎలుగుబంటి కొండ దిగొచ్చి, మంత్రిగారి అత్తగారి వంటింట్లో చక్కెర డబ్బాలో తల పెట్టింది. చూపు ఆనని ఆ పెద్దావిడ, "చెయ్యి కడుక్కుని తినొచ్చుగా అల్లుడూ" అంది.

మంత్రిగారు నిప్పులు చెరిగారు. ప్రమోషన్ గాలికి పోయేలా ఉందే అని ఆఫీసరు బుర్ర గోక్కున్నాడు. అప్పుడు తట్టిందతనికి.

"పురుగులు పోతేనేమండీ? వాటి పోస్టులున్నాయిగా. మన మనుషుల్ని వేద్దాం."

ఇక చూడాలి సంబరం. నిచ్చెనలెక్కి కుంచెతో పువ్వు పువ్వునీ నిమిరేవాళ్లు తుమ్మెదలు. గునపాలతో మన్ను గుల్ల చేసేవాళ్లు వానపాములు. జేబునిండా గింజలేసుకుని కొండంతా చల్లేవాళ్లు పిట్టలు. మంత్రిగారి బావమరిదికి గుడ్లగూబ పోస్టు. పగలు నిద్ర డ్యూటీ, రాత్రి నిద్ర అలవాటు. తుమ్మెదలకు నిచ్చెనలిచ్చి మాకు గొడుగైనా ఇవ్వరా అని వానపాములు సమ్మె కట్టాయి. నిన్నటిదాకా ఊరికే జరిగిన పనికి ఇంతమందికి ఉద్యోగాలు చూపించిన నాయకుడు ఇంకెక్కడున్నాడని పేపర్లు మెచ్చుకున్నాయి. ఉన్న నాలుగు పెద్ద జంతువులూ పారిపోయాక ఆ ఖాళీలూ భర్తీ చేశారు.

ఆఫీసరుకు ప్రమోషన్ వచ్చింది. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

"ఏం పోస్టండీ?" అంది భార్య కంచం పెడుతూ.

"పులి."

"పులంటే ఏం చెయ్యాలి?"

"జింకలెక్కువైతే తగ్గించాలి. నువ్వు కంగారు పడకు, జింక పోస్టులన్నీ అవతలి పార్టీ వాళ్లకే ఇచ్చారు."

ఆవిడ గరిటె పక్కన పెట్టి గోడమీది క్యాలెండరు చూసింది.

"వచ్చే నెలేగా ఎన్నికలు?" అంది.