చావుల్లేని పురుటి గుడిసె

ముందు మీరేం చూశారో చెప్పండి. ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున ఒక పురుటి గుడిసె. గుమ్మం మీద పలక: ‘ఏడాదిగా ఇక్కడ ఒక్క కూనా చావలేదు.’ మీరు పలకని చూశారా, పలక కింద నుంచి వెనక్కి మళ్లిన నిండు చూలాళ్లని చూశారా?

నూకాలవ్వ చూలాళ్లని చూసింది. ఆమె ముసలి కొండముచ్చు. పల్లంలో మూడు తరాల పిల్లలకి బొడ్డు కోసిన మంత్రసాని.

ఆ అడవిలో గట్టు ఉంది, పల్లం ఉంది. గట్టున పులులు, ఏనుగులు, దుప్పులు. పల్లంలో కుందేళ్లు, ఎలుకలు, ముళ్లపందులు. వాగు మాత్రం ఒకటే. గట్టువాళ్లు తాగి, జలకాలాడి, బురద చేసి వదిలిన నీళ్లు పల్లానికి దక్కేవి. గట్టున ఒక్క కూన పోతే అడవంతా మూడు రోజులు సంతాపం. పల్లంలో పదింట మూడు కళ్లు తెరవకుండానే పోయేవి. వాళ్లకి పిల్లలెక్కువలే అని సరిపెట్టుకునేవారు.

ఇన్ని కూనలు పోతున్నాయని పక్క అడవివాళ్లు నవ్వారని తెలిసి, అడవినేలే పెద్దపులికి పౌరుషం వచ్చింది. సభ పెట్టాడు. నూకాలవ్వనీ పిలిచి చివర నిలబెట్టారు. వాగు పైన బురద చెయ్యడం మానమనీ, చూలాళ్ల చేత నొప్పులొచ్చే రోజు దాకా గడ్డి మోయించొద్దనీ, పల్లంలోనే ఒక గుడిసె వెయ్యమనీ ఆమె చెప్పింది. సభ తల ఊపింది. తల ఊపడానికి ఖర్చేముంది?

తర్వాత వాగు గుడిసెకి పెద్ద అయిన కొంగ డాక్టరు లేచి, పల్లంవాళ్లకి శుభ్రత తెలియదన్నాడు. అప్పటికి ఒంటికాలి మీద బురదలోనే ఉన్నాడు.

చివరికి పులి నియమం పెట్టాడు. ఏ గుడిసెలో కూన చస్తే ఆ కాన్పు చూసినవాడి కొలువు ఊడుతుంది. ఏడాది చావులు లేకపోతే నెమలీకల దండ. భయం ఉంటే బతికిస్తారని ఆయన లెక్క. భయపడ్డవాడు దూరం జరుగుతాడని పులికి ఎలా తెలుస్తుంది? ఆయన ఎప్పుడు భయపడ్డాడు గనక?

ఆ రోజు నుంచి బలంగా ఉన్న చూలాలు వస్తే కొంగ డాక్టరు ఎదురెళ్లి తీసుకొచ్చేవాడు. నీరసంగా ఉన్నది వస్తే టేకాకు మీద ముక్కుతో చీటీ గీకి, కొండ మీది గుడిసెకి పంపేవాడు. అక్కడికి పెద్ద, గుడ్లగూబ డాక్టరు. ఆయనకీ దండ మీద ఆశ ఉంది, ఆయన దగ్గరా ఆకులున్నాయి.

అలా ఏడాది నిండబోతుండగా పైడికి నొప్పులొచ్చాయి. పైడి పల్లం కుందేలు. రెండు ఈతల పిల్లల్నీ మట్టిలో పెట్టింది. ఇది మూడోది. వేసవంతా ఏనుగులకి గడ్డి మోసి ఎముకల గూడైంది. నూకాలవ్వ దాన్ని వీపున వేసుకుని వాగు గుడిసెకి తెచ్చింది. కొంగ డాక్టరు గుమ్మంలోంచే చూసి ఆకు తీశాడు.

“బాబూ, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి” అంది అవ్వ.

“చెయ్యి పెడితే నా కేసైపోతుంది అవ్వా” అన్నాడు ఆయన, మర్యాదగానే.

కొండెక్కితే గుడ్లగూబ పగలు తనకి చూపు ఆనదంటూనే అదే ఆకు వెనక్కి తిప్పి, వాగు గుడిసెకే రాశాడు. దిగేటప్పుడు పైడి మూలుగుతూ, “ఈ ఆకు తింటే నొప్పులాగుతాయా అవ్వా?” అంది. కడుపుతో ఉన్నమ్మ కనక మానుతుందా? నడిదారిలో మద్ది చెట్టు కింద అవ్వ దాన్ని పడుకోబెట్టింది. మొదటి కూన బతికే వచ్చింది.

అంతలో తోడేళ్లు మోస్తున్న డోలీ ఒకటి దిగింది, వెనకే పులి. డోలీలో పులి కూతురు రాజ్యం. కూన అడ్డం తిరిగింది. పులి మనవడు చేతిలో పోతే కొలువే కాదు, మెడ కూడా ఉండదని డాక్టర్లిద్దరూ ఎంతో వినయంగా చెరో ఆకూ రాసిచ్చారు.

“ఆ కుందేల్ని వదిలి ఇటు రా” అన్నాడు పులి.

“దీనికి రెండోది తల కనబడుతోంది. వదిలితే పోతుంది. నీ కూతుర్ని దీని పక్కన పడుకోబెట్టు బాబూ, నాకు రెండు చేతులున్నాయి.”

పులి గుర్రుమన్నాడు. “నువ్వు నోరు మూసుకో నాన్నా” అని రాజ్యం తనే డోలీ దిగి కుందేలు పక్కన పడుకుంది.

పైడికి రెండోదీ మూడోదీ దక్కాయి. నాలుగోది వచ్చేసరికి అవ్వ రెండు చేతులూ పులికూనని తిప్పుతున్నాయి. పులికూన కెవ్వుమంది. అవ్వ ఇటు తిరిగింది. నాలుగోదాని మెడకి పేగు చుట్టుకుంది, ఒళ్లు నీలం తిరిగింది. పైడి దాన్ని నాకుతూనే ఉంది.

వారానికి సభ కూడింది. చిలక తీర్పు చదివింది. పులి మనవడు వాగు గుడిసె ఆకు మీద పుట్టాడు గనక దండ కొంగ డాక్టరుకి. తన ఆకూ ఉందని గుడ్లగూబ పేచీ పెడితే సగం ఈకలు ఆయనకి. కుందేలు కూన చావు ఏ గుడిసెలోదీ కాదు. అయినా కాన్పు చూసినవాళ్లున్నారు గనక, ఇకమీద నూకాలవ్వ ఏ పురుడూ ముట్టరాదు.

“నాకు కొలువెప్పుడిచ్చారు బాబూ, ఊడబీకడానికి?” అంది అవ్వ.

పులి తన మనవణ్ని నాకుతూ, నియమం నియమమే అన్నాడు. అవ్వ కళ్లల్లోకి మాత్రం చూడలేదు. తోడేళ్లని పెట్టి ఆమెని అడవి దాటించారు.

మరుసటి కాన్పుల కాలానికి గట్టు కోడళ్ల చేతుల్లోనూ టేకాకులే. మద్ది చెట్టు దాకా వచ్చి చూస్తే చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు. ఆ ఏడు పోయిన కూనల్లో చారలున్నవీ ఉన్నాయి, తొండాలున్నవీ ఉన్నాయి. గట్టుకీ పల్లానికీ ఉన్న తేడా గణనీయంగా తగ్గిందని చిలక సభలో చదివింది. సభ చప్పట్లు కొట్టింది.

నీతి: కూన బతకాలంటే ముట్టుకోవాలి, కొలువు బతకాలంటే ముట్టుకోకూడదు.

ఇంతకీ పైడి నాలుగో కూనని చంపిందెవరు?