కరువు సన్నివేశానికి కావలసిన నీళ్లు

మా మండలంలో సినిమా విమర్శకుడు ఒక్కడే. అది నేనే. తక్కువ మాట్లాడతాను గనక లోతైనవాణ్ణని జనం అనుకున్నారు. కళ్యాణదుర్గంలో అచ్చయ్యే వారపత్రిక కూడా అలాగే అనుకుంది. ఆ పొరపాటును సరిదిద్దే బాధ్యత నేను తీసుకోలేదు.

ఈ ఏడాది కరువు మీద సినిమా తీయడానికి దర్శకుడు ఉదయ్ కుమార్ గారు మా ఊరికి వేంచేశారు. వచ్చీ రాగానే మా కరువులో ఒక లోపం కనిపెట్టారు. నేల నెర్రెలు బారలేదు. మాది ఎర్రనేల, ఎండితే పొడిగా లేస్తుంది తప్ప పగలదు. ఈ సంగతి పుట్టినప్పటినుంచీ నాకు తెలుసు. కానీ నా వ్యాసాల్లో ‘నెర్రెలిచ్చిన నేలతల్లి’ అని పలుమార్లు రాసి ఉన్నందున నోరు మెదపలేదు. చివరికి చెరువు బంకమట్టి తెచ్చి పరిచి, ట్యాంకర్లతో తడిపి, ఎండబెట్టి, కరువును ప్రమాణాల మేరకు తయారు చేయించారు. బిందెలతో వచ్చిన ఆడవాళ్లకు, ఆ నీళ్లు కరువు నిమిత్తం కేటాయించినవని మేనేజరు మర్యాదగానే తెలియజేశాడు.

ఆ పక్కనే మా చేను. వేరుశనగ, మా వాడుకలో చెనిక్కాయ, ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే అదను. ఒక్క రక్షక తడి ఇస్తే గింజ, లేకుంటే గింజలేని లొట్ట కాయ.

"పేపర్లో రాస్తాండావు గదా, నీ మాట ఇంటాడు. ట్యాంకరు నీళ్లు అడుగు. ఇంగేం మాట్లాడద్దు" అని నా భార్య అక్కమ్మ పంపించింది.

వెళ్లాను. దర్శకుడు గొడుగు కింద మజ్జిగ తాగుతూ, సహజత్వం మీద నా అభిప్రాయం అడిగారు. నన్ను అభిప్రాయం అడిగిన మొదటి మనిషి ఆయనే. జన్మలో మాట్లాడనంత మాట్లాడాను, అదీ మౌనం గొప్పదనం గురించి. నీటి చుక్క చూపకుండా దాహం చూపడమే కళ అని ఆయన సెలవిచ్చారు. ఆయన వెనక ట్యాంకరు కారుతోంది. ఎంత లోతు అనుకున్నాను.

లేవబోతూ గుర్తొచ్చి, చేను చూపించి, "సార్, కొంచెం నీళ్లు..." అన్నాను.

ఆయన వేళ్లతో చట్రం కట్టి చూశారు. "వద్దండీ. ఆ ఆకు అంత అందంగా వాడడం ఏ ఆర్ట్ డైరెక్టర్ వల్లా కాదు. దయచేసి తడపకండి. క్లైమాక్స్ అక్కడే తీస్తాను."

విమర్శకుడినై ఉండి క్లైమాక్స్‌కు అడ్డుపడగలనా? చేనుకు వేషం దొరికిందని ఇంట్లో చెప్పాను. ఆ పూట సంగటి నేనే పెట్టుకు తినాల్సి వచ్చింది.

సినిమా అనంతపురంలో విడుదలైంది. చల్లటి హాల్లో, తెర నిండా మా చేను ఎండింది. జనం ముక్కులు చీదుకున్నారు. మా ముందు వరుస పెద్దమనిషి వేయించిన చెనిక్కాయలు నములుతూనే వెక్కివెక్కి ఏడ్చాడు.

అక్కమ్మ ఏడవలేదు. "నిజంగా ఎండేటప్పుడు మన చేని దావనే గదా బస్సుల్లో పోయింటారు వీళ్లంతా. ఒగరూ తిరిగి సూడలేదు. టికెట్టు తీస్కుంటేగానీ ఏడుపు రాదేమో" అనింది.

ఆ మాటను నా సమీక్షకు ముగింపుగా వాడుకున్నాను, నా మాటగానే. దర్శకుడు మెచ్చుకున్నారు. పాఠకులు వాట్సాప్‌లో చప్పట్లు పంపి, శైలి బాగుందన్నారు. పంట ఏమైందని ఎవరూ అడగలేదు. మీరైనా అడుగుతారేమోనని ఇంతసేపూ చూశాను.