ఇరవయ్యో వారం

‘లోవాకిలి’ నవల ఆఖరి పేజీ చదివిన మనిషి నేలకు బెత్తెడు పైకి లేస్తాడు కాబట్టి, గంధవరం శాఖా గ్రంథాలయంలో ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే ఇంట్లో ఇంకొకరి సంతకం కూడా కావాలి. లేచినవాళ్లు మళ్లీ దిగరు. ఆ సంగతి ముందే చెప్పామని గ్రంథాలయం వారికి ఒక ఆధారం ఉండాలి, అంతే. దర్జీ ఆదిబాబు తరఫున అతని భార్య మాణిక్యం సంతకం పెట్టింది. దీపావళి గిరాకీ అయిపోయి చేతిలో పని లేని రోజులవి. ఏదో ఒకటి చదువుకుంటే మంచిదేగా అనుకుంది పాపం.

ఆమెకు సంగతి చీపురు వల్ల తెలిసింది. కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం ఇల్లు ఊడుస్తూ వచ్చి, “కాలు తియ్యండి” అంది అలవాటుగా. అతను కాలు తియ్యలేదు, అయినా చీపురు పాదాల కిందుగా అవతలికి పోయింది. ఆదిబాబు ఒళ్లో పుస్తకం మూసి ఉంది. అతను ఆమె వంక చల్లగా చూసి, “ఊడ్చినందుకు కృతజ్ఞతలు మాణిక్యం” అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. మాణిక్యం చీపురు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది, అందులో దాచాల్సిందేమీ లేదు.

గంధవరంలో ఇలా మేలుకుని పైకి లేచినవాళ్లు వింతేమీ కాదు. దర్జీల వీధిలో సగం ఇళ్లలో మగవాళ్లు బెత్తెడు పైనే ఉన్నారు. ఆసుపత్రిలో తూకం మిషను మీద నిలబెడితే ముల్లు కదలదు, అందుకని చీటీలో బరువు దగ్గర ‘మేలుకున్నారు’ అని రాసి మందులిస్తారు. బస్సులో కూర్చున్నా సీటుకి ఆనరు గనుక టిక్కెట్టు కొట్టాలా వద్దా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. పురపాలక సంఘానికి మాత్రం వాళ్లంటే వల్లమాలిన ప్రేమ. కరెంటు పోతే చీకటికి కృతజ్ఞతలు చెబుతారు. కుళాయి రాకపోతే దాహానికి చెబుతారు. వీధిలో గోతుల మీద వాళ్లు ఒక్క ఫిర్యాదు కూడా చెయ్యలేదు, ఎందుకంటే గోతులు వాళ్ల కాళ్లకి తగలవు. తగిలేది బిందెలతో వెళ్లే ఆడవాళ్లకి. ఫిర్యాదులు రాసే అలవాటున్నవాళ్లేమో పైనున్నారు. అందుకని ఫిర్యాదులు లేని వీధి అని దర్జీల వీధికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి, అన్నిటికన్నా పెద్ద గొయ్యి పక్కనున్న స్తంభానికి తగిలించారు.

ఆడవాళ్లలో ఇంతవరకూ ఎవరూ లేవలేదు. చదవక కాదు. చదివారు, పుస్తకం మూశారు, ఎసరు పొంగుతుందేమోనని లోపలికి వెళ్లారు. స్త్రీలకు ఆధ్యాత్మిక చింతన తక్కువ అని గ్రంథాలయ నివేదికలో ప్రతి ఏడూ ఒక వాక్యం ఉంటుంది. అది చదివిన స్త్రీలు కూడా నిజమే కాబోలు అనుకున్నారు.

ఆదిబాబుది కాలితో తొక్కే కుట్టు మిషను. లేచిన మర్నాడే అతని కాళ్లు తొక్కే పలకకు అందలేదు. మాణిక్యం పలక మీద ఇటుక పెట్టింది. అతను ఇటుకకు బెత్తెడు పైన నిలిచాడు. ఇంకో ఇటుక పెట్టింది, దానికీ బెత్తెడు పైనే. కాళ్ల కింద ఏం పెట్టినా లెక్క అదే. మోటారు బిగిద్దామంటే కరెంటుకి వేళాపాళా లేదు, ఆ లేమికి కూడా అతను కృతజ్ఞుడే. చివరికి మాణిక్యమే మిషను కింద చతికిలబడి పలకను చేతులతో ఆడించడం మొదలుపెట్టింది. పైన ఆదిబాబు గుడ్డ పట్టుకుని కుట్టు నడిపేవాడు. గిరాకీకి వచ్చినవాళ్లు పైనున్న మనిషికి దణ్ణం పెట్టి, జ్ఞాని చేతి కుట్టు అని చొక్కా కళ్లకద్దుకునేవారు. కింద చేతులు ఎవరికీ కనిపించేవి కావు. ఆదిబాబు మాత్రం ఒక్కో కాలరుకీ వంగి, “కృతజ్ఞతలు మాణిక్యం” అనేవాడు. మనసులోంచే అనేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

పని సంగతి ఒకటి. ఇంకొకటి ఉప్పు. ఒకరోజు మరుపున పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఆదిబాబు తిని కృతజ్ఞతలు చెప్పాడు. పూర్వమైతే కంచం అవతలికి నెట్టి, “దీన్ని పప్పంటారా?” అని వీధంతా వినపడేలా అడిగే మనిషి. మర్నాడు ఆమె కావాలనే ఉప్పు మానేసింది. దానికీ కృతజ్ఞతలే. ఆ తర్వాత మాణిక్యం అతని వాటాలో ఉప్పు వెయ్యడమే మానుకుంది. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడని రోజూ ఎదురుచూసేది. అతని చెప్పుల చప్పుడు కూడా పోయింది. ఎప్పుడు ఇంట్లోకి వచ్చాడో, ఎప్పుడు వెనక నిలబడ్డాడో తెలిసేది కాదు. ఇంట్లో మంచి మనిషి ఉన్నాడు, మొగుడు లేడు అనిపించేది ఆమెకు.

ఎండలు ముదిరాయి. బడులు తెరిచేలోగా ఊళ్లో పిల్లల యూనిఫారాలన్నీ కుట్టి ఇవ్వాలి. ఇంట్లోకి ఏడాది బియ్యం ఆ పనిమీదే రావాలి. చేతులతో పలక ఆడించి అన్ని చొక్కాలూ లాగులూ పూర్తికావని మాణిక్యానికి తెలుసు. అప్పటికే ఆమె మణికట్లు వాచి గాజులు తియ్యడానికి కూడా రావడం లేదు. ఆదిబాబు దిగకపోతే పని పక్కవీధికి పోతుంది. ఆమె గ్రంథాలయానికి వెళ్లింది.

గ్రంథపాలకుడు జోగారావు నేలమీదున్న మనిషే. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే హడావుడిలో ఏదీ ఆఖరిదాకా చదివే తీరిక ఆయనకు దొరకలేదు.

“దిగే దారేమైనా ఉందాండి?” అని అడిగింది మాణిక్యం.

“పుస్తకంలో ఉండే ఉంటదమ్మా. మన కాపీలో ఒక వారం లేదు.”

‘లోవాకిలి’ ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కామేశ్వరమ్మ గారని ఒకావిడ వారం వారం ఆ పేజీలు కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకుంది. ఆవిడ పోయాక బైండింగులన్నీ గ్రంథాలయానికి ఇచ్చేశారు. పేజీలు సరిచూసేటప్పుడు జోగారావు గమనించాడు. పంతొమ్మిదో వారంలో నాయకుడు పరమేశం కొండ మీద మేలుకుని పైకి లేస్తాడు. ఆ తర్వాత ఉన్నది ఇరవయ్యొకటో వారం.

“ఇరవయ్యొకటిలో వాళ్లింటి అరుగు మీద కూర్చుని పాదాలకి ఆముదం రాసుకుంటుంటాడమ్మా. పైనున్నోడికి పాదాలెందుకు నొప్పెడతాయి? మధ్యలో దిగాడన్నమాట.”

“మరి ఆ వారం తెప్పించలేదేమండి?”

“పై ఆఫీసుకి రాశానమ్మా. పాఠకులు తృప్తిగా ఉన్నారు గనుక అక్కర్లేదని జవాబొచ్చింది.”

 మామిడికాయలు వచ్చే రోజులు గనుక, పనిలో పని, మాణిక్యం కామేశ్వరమ్మ గారిదే వంటల బైండింగు ఉంటే తీసుకుని ఇంటికొచ్చింది. వేసవి వస్తే ఆ బైండింగు వీధిలో ఇంటింటికీ తిరుగుతుంది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ముక్కలు తరిగి ఉప్పులో వేసి, మాగాయకు మెంతిపిండి ఎంతో చూద్దామని బైండింగు తీసింది. కొలత కింద అయిపోయిందో, వెనక్కి సాగిందో అని కాగితం తిప్పింది. ఏటా తిప్పుతుంది. వెనకవైపు ఏదో కథ ముక్క ఉంటుంది. కథ పేరున్న పైభాగం కత్తెరలో పోయింది, అంచు నూనె మరక. ఒకాయన చాలా రోజుల తర్వాత ఇంటికొస్తాడు. పెళ్లాం పనిచేసి చేసి గోడకి ఆనుకుని నిద్రపోయి ఉంటుంది. అతను గిన్నెలో మిగిలింది తిని, తన కంచం కడుగుతాడు, తర్వాత ఆమెది కడుగుతాడు. కడుగుతుంటే తూములోంచి పొంగిన నీళ్లు పాదాలకు చల్లగా తగులుతాయి. అక్కడితో పేజీ అయిపోతుంది. ముక్కలు ఊరే వేళ ఏటా చదివీ చదివీ మాణిక్యానికి అది కంఠతా వచ్చు. ఈసారి మాత్రం ఆయన పేరు దగ్గర ఆగింది. పరమేశం. ఆర్నెల్లుగా ఇంట్లో మాటకి ముందొకసారి, వెనకొకసారి వినబడుతున్న పేరు.

పత్రికలో ఆ ఇరవయ్యో వారం కథ ఒక్క పేజీయే వచ్చినట్టుంది. దాని వెనక మాగాయ అచ్చయింది. ఏ బైండింగులో పెట్టాలా అని కామేశ్వరమ్మ గారు కాసేపు ఆలోచించే ఉంటుంది మహాతల్లి. జ్ఞానోదయం ఒకసారి చదివితే సరిపోతుంది, మాగాయ ఏటా కావాలి. న్యాయంగానే తేల్చింది. ఆ విధంగా గంధవరంలో మగవాళ్లకు పైకి లేవడం దొరికింది, ఆడవాళ్లకు దిగడం దొరికింది. కాపురానికి వచ్చిన ఏడే వాళ్లు దిగే పేజీ చదివేశారు. ఇక తర్వాత ‘లోవాకిలి’ ఎన్నిసార్లు చదివినా లేచేదేముంది?

మాణిక్యం ఉప్పు చేతులు తుడుచుకుని బైండింగు తీసుకెళ్లి, మిషను దగ్గర కూర్చున్న ఆదిబాబు ముందు పెట్టింది.

“వంటల పుస్తకమా?” అన్నాడతను. “కృతజ్ఞతలు.”

“అవి తర్వాత చెబుదురుగాని. వెనకవైపు చదవండి.”

అతను ముందువైపు మాగాయ కూడా చదివి, మామిడికాయకీ మెంతులకీ విడివిడిగా కృతజ్ఞతలు చెప్పి, అప్పుడు తిప్పాడు. మాణిక్యం అతని ముఖం చూడలేదు, కాళ్లే చూస్తూ కూర్చుంది. పేజీ సగంలో బొటనవేళ్లు వంగాయి. కంచం కడిగే చోట మడమలు కిందికి జారాయి. ఆఖరి వాక్యం దగ్గర రెండు పాదాలూ మిషను పలక మీద ఆనాయి, ఆ బరువుకి చక్రం తిరిగి, కింద గుడ్డ లేకుండానే సూది టకటకమని కుట్టింది.

ఆదిబాబు పుస్తకం మూశాడు. తర్వాత మోకాళ్లు నొక్కుకుంటూ, “కాళ్లు పీకేస్తున్నాయే” అన్నాడు. ఆ మాట ఆమెకు మంత్రంలా వినపడింది. లోపలికి పరుగెత్తి అన్నం పెట్టుకొచ్చింది. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

“ఉప్పేదే దీంట్లో?”

“ఆర్నెల్ల నుంచీ లేదండి.”

“మరి చెప్పవేం? మనిషన్నవాడు తినేదేనా ఇది?”

మాణిక్యం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది కూడా. ఈ ఒక్క చిరాకు కోసం ఎందరు దేవుళ్లకు మొక్కుకుందో ఆమెకే తెలుసు. అతను కంచం నెట్టలేదు. ఉప్పు తెచ్చుకుని కలుపుకుని తిన్నాడు. తర్వాత లేచి, కంచం పట్టుకుని, అటూ ఇటూ చూసి, కుళాయి ఎక్కడుందని అడిగాడు. ఆమె చూపించింది. అతను కడిగాడు, అంచున పప్పు కొంచెం మిగిలింది. వచ్చి ఆమె వాచిన చేతులు చూశాడు, ఈసారి కృతజ్ఞతలు చెప్పలేదు. చొక్కాలు ముందేసుకుని పని మొదలుపెట్టాడు.

మిషను చప్పుడు వినపడేసరికి పక్కింటి నూకరత్నం ప్రహరీ గోడ దగ్గరికి వచ్చింది. వాళ్లాయన లేచి రెండేళ్లు దాటింది.

“తొక్కుడు చప్పుడులా ఉందక్కా. బావగారు దిగారా?”

“దిగారే. ఇదిగో, ఇన్నాళ్లూ మాగాయ వెనకే ఉంది.” మాణిక్యం జరిగిందంతా చెప్పి బైండింగు గోడ మీద పెట్టింది. “తీసుకెళ్లి మీ ఆయన చేత చదివించు. మీ ఇంట్లోనూ చప్పుడుంటుంది.”

నూకరత్నం బైండింగు వైపు చూసింది, ముట్టుకోలేదు.

“పైకెళ్లినకాడి నుంచీ నా మీద చెయ్యెత్తలేదక్కా” అంది. “తాగడు. పొద్దున లేస్తే కృతజ్ఞతలంటాడు. ఎందుకో నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు. అననీ. నీ మొగుడు దిగితే ఉప్పడుగుతాడు. నా మొగుడు దిగితే ఏమడుగుతాడో నాకు తెలుసు కదా.”

ఆమె కనుబొమ్మ మీద పాత మచ్చ ఉంది. దాని గురించి మాణిక్యం ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. గోడకి ఇవతల ఒకామె చప్పుడు వచ్చినందుకు, అవతల ఒకామె చప్పుడు లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. ఇద్దరూ నిండు మనసుతోనే పెట్టుకున్నారు.

“ఒకవేళ ఎప్పుడైనా మీ ఆయనే వంటల పుస్తకం తిరగేస్తాడేమోనే?” అంది మాణిక్యం.

 మర్నాడు మాణిక్యం బైండింగు తిరిగి ఇచ్చేటప్పుడు నూకరత్నం వెంట వెళ్లి, అక్కడికక్కడే తన పేరు మీద తీసుకుంది. బియ్యం డబ్బాలో అడుగున పెట్టింది. గడువు దాటకుండా వెళ్లి మళ్లీ తన పేరే రాయించుకుని వస్తుంది. గ్రంథాలయంలో అన్నిటికన్నా గిరాకీ ఉన్న పుస్తకం అదేనని ఈ ఏటి నివేదికలో చేరింది. స్త్రీల ఆధ్యాత్మిక చింతన గురించిన వాక్యం అలాగే ఉంది. యూనిఫారాలు సమయానికి అందాయి. గోతులు పూడ్చమని వీధి నుంచి మొదటి ఫిర్యాదు ఆదిబాబు పేరు మీద వెళ్లింది. దాంతో పురపాలక సంఘం వారు వచ్చి స్తంభానికున్న ప్రశంసాపత్రం విప్పుకుని పోయారు.

మామిడికాయల రోజులు పోయి వానలు పడ్డాయి. జోగారావు ముద్ర వేస్తూ అడిగాడు.

“ఏ పచ్చడి పెడుతున్నావమ్మా ఇన్నాళ్లు?”

“ఇంకా ఊరాలండి” అంది నూకరత్నం, బైండింగు కొంగులో చుట్టుకుంటూ.