అశ్రునివాళి ఫ్లెక్సీని సమర్థిస్తూ

అయ్యా, అశ్రునివాళి ఫ్లెక్సీని మించిన ఓదార్పు ఈ లోకంలో లేదు!

నమ్మరా? మనిషి పోతే ఇంట్లోవాళ్లు ఓ మూల కూర్చుని ఏడుస్తారు. ఏం లాభం? అదే సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించండి. పైన పెద్ద నాయకులు, కింద చిన్న నాయకులు, అంచుల్లో వాళ్ల అనుచరులు. అందరూ నల్ల కళ్లద్దాలతో నవ్వుతుంటారు. అంతమంది నవ్వుతుంటే మన ఒక్కరి దుఃఖం ఎక్కడ నిలుస్తుందండీ?

ఇంతటి ఉపకారాన్ని మా జగ్గయ్యపేట కుర్రాళ్లు వెక్కిరించారు. మోజెస్ అని నా పాత విద్యార్థి, వాడి రాక్ బ్యాండ్. గిటారుతో పాటు పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ మోటారు కూడా వాయిస్తారు. అది ప్రయోగమట! వాళ్ల పాటలు ఎవరూ వినకముందే ఓ షార్ట్ ఫిల్మ్ తీశారు. అందులో ఒకాయన పోతాడు. ఫ్లెక్సీ అంతా నాయకులతో నిండిపోయి, పోయినాయన ఫొటోకే చోటు దొరకదు.

షూటింగ్‌కని ఆ ఫ్లెక్సీని నందిగామ సెంటర్లో కట్టారు. గంటలో ఎవరో దండ వేశారు. ఇంకెవరో మౌనం పాటించారు. పోయిందెవరని ఒక్కరూ అడగలేదు. అటుగా పోతున్న మా వార్డు నాయకుడు తిరుపతిరావు గారు మాత్రం కారు దిగి, "నన్ను రెండో వరసలో వేసిందెవడ్రా?" అని అడిగారు. కెమెరా అన్నీ పట్టేసింది.

సినిమా యూట్యూబ్‌లో పెట్టగానే ఆయన మోజెస్‌ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. నా భార్య దేవమణి పోయి అప్పటికి నెల తిరగలేదు.

"మాస్టారూ, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు మీరు. మనోభావాలు దెబ్బతిన్నాయని ఒక్క ముక్క చెప్పండి. ఆ వీడియో తీయించేస్తా" అంటూ ఫోను నా ముఖం మీదికి ఎత్తారు.

"మీరు చెబితే మేమే తీసేస్తాం సార్" అన్నాడు మోజెస్, తలొంచుకుని.

"దొంగ వినయం చూడండి!" అన్నారాయన.

సినిమా నేను చూశా. అందులో ఒక అన్యాయం ఉంది. పోయినవాళ్లకి చోటే ఉండదనడం తప్పు. మా సెంటర్లో ఆయన కట్టించిన దేవమణి ఫ్లెక్సీలో దేవమణికి చోటిచ్చారు. తిరుపతిరావు గారి మోచేతికీ, ప్రింటింగ్ షాపు ఫోన్ నంబరుకీ మధ్య.

"దెబ్బతిన్నమాట నిజమేనండీ. సినిమా వల్ల కాదు. దాన్ని ఉండనివ్వండి" అన్నా.

ఆయన ఫోను దించేశారు.

"మా ఆవిడ ఫ్లెక్సీ ఎప్పుడు తీస్తారు?" అని అడిగా.

"అప్పుడేనా! పండక్కి శుభాకాంక్షలు కట్టేదాకా ఉంటుంది."

నేను అంతదాకా ఆగలేకపోయా. ఆ సాయంత్రమే మోజెస్ నిచ్చెనెక్కి, ఆమె ఉన్న ముక్క మాత్రం కత్తిరించి తెచ్చిచ్చాడు. నా చొక్కా జేబులో సరిపోయింది.

ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. అందులో ఏదో తగ్గిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.